బొమ్మలో లేని పడవలు

బిర్గెర్ ఆ ఫోటోలు తెచ్చిన రోజు గాలి ఆగ్నేయం నుంచి వీస్తోంది. వలలు వేయడానికి పనికిరాని గాలి. అందుకే ఇంట్లో ఉన్నాను. గాలి ఇంకో వైపు నుంచి వీచి ఉంటే నేను సముద్రం మీద ఉండేవాణ్ణి, ఎల్నా అతనికి కాఫీ పోసి పంపేసేది, ఆ మాట నా నోటినుంచి వచ్చేదే కాదు.

ఎల్నా నా భార్య. బిర్గెర్ ఆమె తమ్ముడు. పుట్టింది మా గ్రాన్‌షేర్ దీవిలోనే, ఉత్తరపు ఒడ్డున ఉన్న ఎర్ర ఇంట్లో. చదువుకుని ఓస్తాద్ పట్నం చేరాడు. అక్కడ మ్యూజియంలో ఉద్యోగం. కళ్ళజోడు, మెడలో కండువా, చేతిలో తోలు సంచి. పడవ దిగేటప్పుడు మాత్రం ఇంకా మా వాడే. అల పడవను పైకెత్తే క్షణం కోసం చూసి, బూటు తడవకుండా గట్టు మీద కాలు పెడతాడు.

సంచిలోంచి పెద్ద పెద్ద ఫోటోలు తీసి వంటింటి బల్ల మీద పరిచాడు.

"అక్కా, ఆ కాఫీ కాస్త అవతలికి జరుపు. వీటి మీద చుక్క పడిందంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"అంత ఊడిపోయే ఉద్యోగాన్ని నా బల్ల మీదికి ఎందుకు తెచ్చావురా?" అంది ఎల్నా. అంటూనే కూజా జరిపింది.

ఓస్తాద్ నది, రాతి వంతెన, దాని పక్కన రేవుగట్టు. ఏ ఫోటో చూసినా అవే. వంతెన కట్టిన కొత్తల్లో వికాండర్ అనే ఆయన తీసినవి. ఆయన దుకాణం వంతెన దిగగానే ఉండేదట. యుద్ధంలో ఆ వీధి మీద బాంబు పడి పురపాలక భవనం, అందులోని కాగితాలు అన్నీ కాలిపోయాయి. ఆయన ఫోటోలు తీసిన గాజు పలకలు మాత్రం నేలమాళిగలో ఉండి బతికాయి. ఎవరో గోడ తవ్వుతుంటే బయటపడ్డాయని, వాటినుంచి తనే ఈ ఫోటోలు తీయించానని బిర్గెర్ చెప్పాడు. అతని గొంతులో సంతోషం ఉంది. అది నిజమైన సంతోషమే. ఆ రోజు అతను దొంగ బుద్ధితో వచ్చాడని నేను ఇప్పటికీ అనను.

బాగా తీశాడు ఆ వికాండర్. వంతెన కమానుల్లో రాయికీ రాయికీ మధ్య సున్నం గీత కూడా కనిపిస్తోంది. ఇప్పుడు గట్టు పొడుగునా నీడనిచ్చే లిండెన్ చెట్లు అప్పుడు కర్రలకు కట్టిన మొక్కలు. గొడుగులు పట్టుకుని ఆడవాళ్ళు కదలకుండా నిలబడ్డారు. నది పాలమీగడలా తెల్లగా, గీత లేకుండా ఉంది.

"చూడు బావా, గట్టు ఎంత శుభ్రంగా ఉందో," అన్నాడు బిర్గెర్. "ఒక్క బుట్ట లేదు, పెట్టె లేదు, పడవ లేదు. మనవాళ్ళు అప్పట్లో అక్కడికి వచ్చేవాళ్ళు కాదేమో. చేపల రేవు దగ్గరే ఆగేవాళ్ళేమో."

నాకు నవ్వొచ్చింది. "శుభ్రం కాదది. పొమ్మన్నారు."

"ఎవరు?"

నేను మామూలుగా ఎక్కువ మాట్లాడను. కానీ బయట గాలి పని చేయనివ్వడం లేదు. వంటింట్లో పొయ్యి వెచ్చగా ఉంది. ఎదురుగా ఉన్నది ఇంటివాడు. అందుకని చెప్పాను.

ఆ రోజుల్లో ఫోటో తీయాలంటే కెమెరా పెట్టె మూత తీసి, పరలోక ప్రార్థన సగం చదివేంతసేపు అలా ఉంచాలి. రాయి కదలదు. వంతెన కదలదు. డబ్బున్న ఆడవాళ్ళు కూడా చెబితే కదలరు. పడవ అలా కాదు. కట్టేసినా నది దాన్ని లాగుతూనే ఉంటుంది, తెరచాప కొయ్యలు ఊగుతూనే ఉంటాయి. బొమ్మలో అది మసకగా, అలుక్కుపోయినట్టు పడుతుంది. వికాండర్‌కి అది నచ్చదు. అందుకని ఫోటో తీసే రోజున ముందుగా మనిషిని పంపేవాడు. మా వాళ్ళు తాళ్ళు విప్పుకుని, వంతెన కింది నుంచి దిగువకు, తారు షెడ్డు దాటి వంపులోకి వెళ్ళి ఆగేవాళ్ళు. వంతెన మీద తెల్లగుడ్డ వేలాడదీస్తే తిరిగొచ్చి మళ్ళీ కట్టుకునేవాళ్ళు. ఎవరూ కాదనలేదు. మర్యాదగా అడిగాడు, మర్యాదగా కదిలారు. క్రిస్మస్‌కి పడవకో కాఫీ పొట్లం పంపేవాడు.

"మా తాత ఎఫ్రాయిమ్‌కి అదో గొప్ప," అన్నాను. "'పట్నం బొమ్మ దిగాలంటే ముందు నేను కదలాలి' అనేవాడు."

"మామ్మ ఏమనేదో అదీ చెప్పు," అంది ఎల్నా.

"'పెళ్ళికి పిలిచి, ఫోటో తీసే వేళకి పెరట్లోకి పొమ్మన్నట్టుంది' అనేది."

బిర్గెర్ పగలబడి నవ్వాడు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "అంటే, ఏ ఫోటోలోనూ పడవలు ఉండవంటావు?"

"ఉండవు. ఒక్కటి తప్ప."

అది మా వసారాలో, వలలు అల్లే సూదుల పక్కన మేకుకి వేలాడేది. ఒకసారి కబురు అందక మా వాళ్ళు కదలకముందే వికాండర్ మూత తీసేశాడు. పలక పాడైంది. దాన్నుంచి తీసిన బొమ్మను నవ్వుతూ తాతకు ఇచ్చేశాడు. నేను దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాను. వంతెన స్పష్టంగా ఉంది. వంతెన మీద గొడుగుతో ఒకావిడ ఉంది. కింద గట్టు పొడవునా అద్దం మీద ఊపిరి వదిలినట్టు బూడిదరంగు మసక. తెలిసినవాళ్ళు చూస్తే అందులో కొయ్యలు కనిపిస్తాయి.

బిర్గెర్ వంగి చాలాసేపు చూశాడు. మెట్ల పక్కన ఒకచోట వేలు పెట్టాడు.

"కొన రెండుగా చీలిన కొయ్య. ఇది మా తాత పడవ కదూ?"

"అదే. పిడుగు పడి చీలింది. ఆయన మార్చలేదు."

"మార్చడానికి మనసొప్పలేదు, పిసినారి," అంది ఎల్నా.

"బావా, దీన్ని నాకివ్వు. ఎండాకాలంలో ప్రదర్శన పెడుతున్నాం. అన్నిటికంటే పెద్దదిగా దీన్నే పెడతాను. పక్కన నువ్వు చెప్పిన కథ రాస్తాను."

"మళ్ళీ తెచ్చిస్తావుగా?" అంది ఎల్నా.

"అక్కా! నేనేమన్నా పరాయివాణ్ణా?"

ఎల్నా దాన్ని దిండు గలీబులో చుట్టి ఇచ్చింది.

వసారా గోడ మీద ఫోటో ఉన్నంత మేర చెక్క లేత రంగులో మిగిలింది.

ఆ ఎండాకాలం మొదట్లో పట్నంనుంచి సంగతి తెలిసింది. నదిగట్టును పాతకాలంలో ఉన్నట్టు మళ్ళీ తీర్చిదిద్దుతారట. రాతి వంతెన కొత్తగా ఉన్న రోజుల్లో గట్టు మీద ఏవి ఉండేవో అవి ఉంటాయి. తర్వాత వచ్చినవన్నీ పోతాయి. పెట్రోలు బంకు పోతుంది, టిక్కెట్ల గుడిసె పోతుంది. మా పడవల సంగతి రేవు కమిటీ తేలుస్తుందట. ముందునుంచీ ఉన్నట్టయితే చోటు మాదే. కాకపోతే దిగువన, రోడ్డు వంతెన కూడా దాటాక, ధాన్యం గోదాముల కింద ఉన్న సిమెంటు గట్టుకు పోవాలి.

సిమెంటు గట్టు దగ్గరికి లారీలు తప్ప ఎవరూ రారు. రాతి వంతెన అలా కాదు. శనివారం పొద్దున వంతెన మీదుగా బజారుకు పోయేవాళ్ళు కిందికి చూస్తారు. కింద మేముంటాం. మెట్లు దిగుతారు. హెర్రింగ్ చేపలు, బంగాళదుంపలు, మా దీవి హుల్దా పెద్దమ్మ కాల్చిన నల్లరొట్టె. సంచులు నింపుకుని మెట్లెక్కుతారు. ఆ శనివారమే లేకపోతే దీవిలో మాకు మిగిలేది ఇళ్ళు మాత్రమే. అప్పటికే బడి మూసేశారు. దుకాణం మూసేశారు. శనివారం కూడా పోతే మేం కూడా తలుపులు వేసుకుని పట్నంలో ఏ గోదాములోనో మూటలు మోయాల్సిందే.

అయినా మాలో ఎవరికీ భయం లేదు.

"మనవాడు లోపలున్నాడుగా," అన్నాడు ప్రతివాడూ.

"వాడి ముక్కు నేను తుడిచాను," అంది హుల్దా పెద్దమ్మ. "వాళ్ళ నాన్న పడవలో చేపల పెట్టె మీద కూర్చుని నా రొట్టె మెక్కి పెరిగాడు. ఆ గట్టు మీద ఎవరుండేవాళ్ళో వాడికి ఒకరు చెప్పాలా?"

ప్రదర్శన ఆగస్టులో పెట్టారు. వంతెన పక్కనున్న పాత గోదాములో. శనివారం అమ్మకం అయ్యాక నేనూ ఎల్నా వెళ్ళాం. నావి పని బట్టలే. ఎల్నా మాత్రం శుభ్రమైన రుమాలు తలకు కట్టుకుంది. తమ్ముడు పెట్టిన ప్రదర్శన కదా.

గోడల నిండా వికాండర్ ఫోటోలు, తలుపంత పెద్దవి. ఖాళీ గట్టు. ఖాళీ నీళ్ళు. జనం నెమ్మదిగా నడుస్తూ, "ఎంత బావుండేది అప్పుడు" అనుకుంటున్నారు. ఒకాయన పొలుసులంటిన నా చేతుల వైపు చూసి కాస్త పక్కకు జరిగాడు. మా ఫోటో కోసం ఒక గది అంతా వెతికాం. రెండో గది వెతికాం. అన్నిటికంటే పెద్దవి చూశాం. లేదు.

ఎల్నా మొదట గుర్తుపట్టింది ఆ గొడుగావిడను.

"ఇది మనదే కదూ?" అంది. "ఈవిడ మన గొడుగావిడేగా. మరి కింది ముక్క ఏదీ?"

మాదే. వంతెన ఉంది, ఆకాశం ఉంది, గొడుగు ఉంది. నీళ్ళు మొదలయ్యే చోట బొమ్మ అయిపోయింది. కింద పేరు మాత్రం ఉంది, 'వంతెన, వేసవి ఉదయం' అని. నేను చెప్పిన కథ ఎక్కడా లేదు.

బిర్గెర్ గ్లాసు పట్టుకుని వచ్చాడు. మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచాడు.

"వచ్చారా! ఎలా ఉంది అక్కా?"

"కింది సగం ఏమైందిరా?"

"అదా... కింది భాగం పాడైపోయింది కదక్కా. మసక. చూసేవాళ్ళకి అర్థం కాదు. పైగా గోడ మీద చోటు కూడా చాల్లేదు."

ఆ ఫోటో కింద గోడ నేల దాకా ఖాళీగా ఉంది. చూశాను.

పడవలో తిరిగొస్తుంటే ఎల్నాయే మాట్లాడింది. "వాడి పైన పెద్దవాళ్ళుంటారు. వాళ్ళు చెప్పినట్టు పెట్టాలి. కమిటీ దగ్గర వాడే చెబుతాడులే."

"చెబుతాడు," అన్నాను. చెబుతాడనే అనుకున్నాను కూడా. ఫోటో కోసేయడం ఒకటి, మాట కోసేయడం ఒకటి అనుకున్నాను.

సెప్టెంబరులో కమిటీ కూర్చుంది. కొత్తగా కట్టిన పురపాలక భవనం పై అంతస్తులో, పొడుగాటి బల్ల. అధ్యక్షురాలు లిండ్‌రూస్ గారు. నెమ్మదైన మనిషి, అందరి పేర్లూ అడిగి రాసుకుంది. గోడకు గట్టు కొత్త నమూనా తగిలించారు. బెంచీలు, దీపస్తంభాలు, అద్దాల ఫలహారశాల. నీళ్ళు నీలంగా వేశారు. నీళ్ళ మీద రెండు హంసలు. పడవలవాళ్ళ తరఫున మాట్లాడమని మావాళ్ళు నన్ను ముందు కూర్చోబెట్టారు. ఎందుకు నన్నే ఎంచారో తెలియదు. తక్కువ మాట్లాడేవాడి మాటకు విలువుంటుంది అనుకున్నారేమో. హుల్దా పెద్దమ్మ నా పక్కన, ఎల్నా వెనక వరుసలో.

మ్యూజియం తరఫున బిర్గెర్ లేచాడు. మా వైపు చూడలేదు. చేతిలో కాగితం కూడా లేదు. వంతెన ఎప్పుడు కట్టారో, చెట్లు ఎప్పుడు నాటారో, దీపాలు ఎప్పుడు పెట్టారో వరసగా చెప్పాడు. బాగా చెప్పాడు. నేను కూడా వింటూ ఉండిపోయాను.

"దీవుల పడవల సంగతి చెప్పండి," అంది అధ్యక్షురాలు. "ఆ కాలంలో అవి వంతెన దగ్గర గట్టుకు కట్టేవారా?"

బిర్గెర్ తడుముకోలేదు.

"వికాండర్ గారు ఆ రోజుల్లో తీసిన ఫోటోలన్నీ పరిశీలించాను. గట్టు పక్కన పడవలున్నాయని చెప్పగల ఫోటో ఒక్కటి కూడా దొరకలేదు."

"ఒరేయ్ బిర్గెర్!" అంది హుల్దా పెద్దమ్మ. గది మొత్తం ఉలిక్కిపడింది.

"మీ వంతు వస్తుందమ్మా," అంది అధ్యక్షురాలు.

"నా వంతు వాడు పుట్టకముందే వచ్చింది! ఆ గోడకి ఇనప కడియాలున్నాయి, కావాలంటే కిటికీలోంచి చూసుకోండి. అవి దేనికి పెట్టారు, హంసల్ని కట్టేయడానికా?"

"అవి యుద్ధం తర్వాత గట్టు మళ్ళీ కట్టినప్పుడు వేసినవండీ," అన్నాడు బిర్గెర్, అధ్యక్షురాలితో. అదీ నిజమే. ఆ రోజు అతను చెప్పినవన్నీ అలాంటి నిజాలే.

నన్ను లేవమన్నారు. లేచాను. మా వంటింట్లో చెప్పినదే మళ్ళీ చెప్పాను. అక్కడ పొయ్యి ఉంది, కాఫీ ఉంది, మాట దానంతట అది నడిచింది. ఇక్కడ ఒక్కో మాటా బురదలో కాలు లాగినట్టు వచ్చింది. పెట్టె మూత సంగతి ముందు చెప్పాల్సింది చివర చెప్పాను. తెల్లగుడ్డ సంగతి మరిచిపోయి మళ్ళీ వెనక్కి వెళ్ళాను.

బల్ల చివర కూర్చున్న కమిటీ ఆయన కలం మూత పెట్టి, నన్ను నొప్పించకూడదన్నట్టు నవ్వుతూ అడిగాడు. "అంటే, ఫోటోల్లో పడవలు లేకపోవడమే అక్కడ పడవలు ఉన్నాయనడానికి ఋజువు అంటారా?"

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. బాగా చెప్పిన మాటకు వచ్చే నవ్వు. నేను వాళ్ళలో ఒకణ్ణయితే నేనూ నవ్వేవాణ్ణి.

"ఒక ఫోటో ఉంది," అన్నాను. "పడవలున్నది. మాదే. ఆయన దగ్గరుంది."

అధ్యక్షురాలు బిర్గెర్ వైపు తిరిగింది. అప్పుడు అతని చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కోప్పడితే అలాగే ఎర్రబడేవి.

"అలాంటిదొకటి ఉన్నమాట నిజం," అన్నాడు. "పాడైపోయిన పలక అది. నీళ్ళ మీద ఏదో మసక ఉంది. పొగమంచు కావచ్చు. పలకకు మందు సరిగా అంటకపోయి ఉండొచ్చు. అదేమిటో నేను ఖాయంగా చెప్పలేను."

"చీలిన కొయ్య ఎవరిదో నువ్వే చెప్పావు," అన్నాను. "నేను చూపించలేదు. నువ్వే వేలు పెట్టావు. మీ తాత పడవ అన్నావు."

"ఇంట్లో కాఫీ తాగుతూ అనుకునేది వేరు. ఇక్కడ బాధ్యతతో చెప్పేది వేరు, బా..." అని ఆగి, "టోర్‌స్టెన్ గారూ," అన్నాడు.

పెళ్ళయిననాటి నుంచి అతను నన్ను బావా అనే పిలిచాడు. పడవ మునిగి ఇద్దరం రాయి పట్టుకుని వేలాడిన రోజున కూడా బావా అనే అరిచాడు. నా పేరు అతని నోట అలా వినడం అదే మొదలు. నేను కూర్చున్నాను.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. ఎల్నా లేచి బయటికి వెళ్ళిపోయింది. తలుపు విసురుగా వేయలేదు. మూసుకునేదాకా మెల్లగా లాగింది.

వచ్చే వసంతం నుంచి పడవలు సిమెంటు గట్టుకు వెళ్ళాలని తేల్చారు.

మెట్ల మీద బిర్గెర్ వెనకనుంచి పరిగెత్తుకొచ్చాడు.

"బావా, ఒక్క నిమిషం. ఆగు. అర్థం చేసుకో. ప్రదర్శన పెట్టిన ఆ గోదామును కొత్త మ్యూజియం చేసి నా చేతికిస్తున్నారు. దానికోసం ఎన్నేళ్ళు ఎంతమంది గుమ్మాలు ఎక్కానో నీకు తెలియదు. గట్టు మీద పడవలుంటే ఫలహారశాలవాళ్ళు రారు. వాళ్ళు రాకపోతే డబ్బు లేదు, డబ్బు లేకపోతే మ్యూజియం లేదు. అది లేకపోతే ఆ పలకలన్నీ మళ్ళీ నేలమాళిగలోకే."

నేను టోపీ పెట్టుకున్నాను.

"నేను అబద్ధం చెప్పలేదు బావా. ఫోటోల్లో ఉన్నదే చెప్పాను. నువ్వే చెప్పావుగా, ఏ ఫోటోలోనూ పడవలు ఉండవని."

"చెప్పాను," అన్నాను.

వీధిలోకి వచ్చి నాలుగడుగులు వేశాక ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది. అతను మా ఇంటికి వచ్చిన రోజున అతనికి ఏమీ తెలియదు. గట్టు ఎందుకు ఖాళీగా ఉందో తెలియదు. నేలమాళిగలో ఇంకా ఫోటోలు తీయించని పలకలు ఎన్నో ఉన్నాయి. వాటిలో దేన్లో పడవలు బయటపడతాయో అని అతను నోరు తెరవడానికి భయపడి ఉండేవాడు. ఏ పలకలోనూ ఉండవని నేను ధైర్యం చెప్పాను. ఉన్న ఒక్కదాన్నీ మేకునుంచి తీసి చేతికిచ్చాను. నా భార్య దాన్ని గలీబులో చుట్టింది.

ఎల్నా పడవలో కూర్చుని ఉంది. చుక్కాని దగ్గర కాదు, ముందు, ముక్కు దగ్గర, వీపు పట్నం వైపు పెట్టి.

"ఏమన్నాడు?" అంది.

"అబద్ధం చెప్పలేదన్నాడు."

ఆ చలికాలమంతా ఎల్నా తమ్ముడి పేరు ఎత్తలేదు. క్రిస్మస్‌కి ఏటా అతనికి పంపే ఉప్పు హెర్రింగ్ జాడీ నింపలేదు. నేనూ గుర్తుచేయలేదు. ఒకసారి వసారాలో వల బాగుచేస్తుంటే ఎల్నా వచ్చి, గోడ మీద ఆ లేతరంగు చోట గోనెసంచి ఒకటి తగిలించి వెళ్ళింది.

మంచు కరిగాక సిమెంటు గట్టుకు వెళ్ళడం మొదలుపెట్టాం. గట్టు మరీ ఎత్తు. నీళ్ళు తగ్గినప్పుడు కొనేవాళ్ళకు మా తలలు తప్ప సరుకు కనిపించదు. ధాన్యం దుమ్ము ఎగిరొచ్చి చేపల మీద పడుతుంది. పాత కొనుగోలుదార్లలో అంత దూరం నడవగల కొందరు మొదట్లో వచ్చారు. "ఇంత దూరం పెట్టారేమిటండీ?" అని మమ్మల్నే అడిగారు, మేమే దూరం వెళ్ళినట్టు. తర్వాత వాళ్ళూ తగ్గారు. పడవలు కూడా తగ్గాయి. నోర్డ్‌హోల్మ్‌ కుటుంబంవాళ్ళు రావడం మానేశారు. వాళ్ళ పెద్దవాడు టైర్ల ఫ్యాక్టరీలో చేరాడట.

మే నెలలో ఒక శనివారం బిర్గెర్ వచ్చాడు. కొత్త కోటు. గట్టు అంచున నిలబడి కిందికి వంగాడు.

"అక్కా, ఎలా ఉన్నారు?"

ఎల్నా చేపలు శుభ్రం చేస్తోంది. చేతిలో కత్తి ఆగలేదు.

"మా ఫోటో ఏదీ?" అంది.

"భద్రంగా ఉందక్కా. మ్యూజియంలో. ఇంట్లో ఉంటే చెమ్మకు పాడవుతుంది. అక్కడయితే..."

"మా ఫోటో ఏదీ అన్నాను. ఎలా ఉంది అనలేదు."

అతను కళ్ళజోడు సర్దుకుని నా వైపు తిరిగాడు. "బావా, ఒక మంచి కబురు తెచ్చాను. ఆగస్టులో గట్టు ప్రారంభోత్సవం. ఆ ఒక్కరోజు పాత తెరచాప పడవలను రాతి వంతెన దగ్గర కట్టుకోనిస్తారు. నేనే అడిగి ఒప్పించాను. చేపలు అమ్ముకోవచ్చు. పాతకాలపు బట్టలు కూడా మేమే ఇస్తాం. పట్నమంతా వస్తుంది, పేపర్లవాళ్ళు వస్తారు. మీ తాత పడవ ఇంకా షెడ్డులో ఉందిగా?"

పక్క పడవలోంచి హుల్దా పెద్దమ్మ తల బయటపెట్టింది. "నాకూ గౌను ఇస్తారట్రా? కొలతలు ఎవరు తీస్తారు, నువ్వేనా?"

"ఇస్తాం పెద్దమ్మా, తప్పకుండా."

"నడుం దగ్గర వదులుగా కుట్టించు. నవ్వుకోడానికి చోటుండాలి."

నేను ఒకటే అడిగాను. "అయితే పాతకాలంలో అక్కడ మా పడవలు ఉండేవని ఒప్పుకుంటున్నారా?"

బిర్గెర్ అటూ ఇటూ చూశాడు. లారీ ఒకటి వెనక్కి వస్తోంది, అది ఆగేదాకా ఉన్నాడు.

"అది ఉత్సవం బావా," అన్నాడు. "చరిత్ర కాదు."

అలా అంటూ వాళ్ళ నాన్న ఎప్పుడూ నవ్వినట్టే, మావాళ్ళందరూ నవ్వినట్టే, ఒకవైపు పెదవితో నవ్వాడు. అతను ఇంకా మా వాడే. అదే తట్టుకోలేకపోయాను. ఎవడో పట్నంవాడు చేసి ఉంటే వాణ్ణి తిట్టుకుని ఆ గట్టుకు అలవాటుపడేవాణ్ణి.

ఎల్నా కత్తి కడిగి ఒరలో పెట్టింది. తట్టలో ఇంకా చేపలున్నాయి, దుంపలు సగానికి పైగా ఉన్నాయి, పొద్దు ఇంకా చాలా ఉంది. అయినా ఆమె మూత వేసేసింది. నా వైపు చూసింది. నేను ఇంజను తిప్పాను.

"ఇదేంటి, అప్పుడేనా?" అన్నాడు బిర్గెర్. "సమాధానం చెప్పకుండా వెళ్తే ఎలా? అక్కా, నువ్వయినా చెప్పు. నేను అక్కడ ఏమని చెప్పను?"

"ఏది చూస్తే అది చెప్పు," అంది ఎల్నా. "నీకు అలవాటేగా."

వెనక తాడు గట్టు మీది ఇనప గుంజకు ఉంది. దాని కొస మీద అతని బూటు ఉంది. తెలిసి పెట్టాడో తెలియక పెట్టాడో. లాగాను, రాలేదు.

"కాలు తియ్యి బిర్గెర్," అన్నాను. "తాడు మాది."

అతను కిందికి చూసుకుని గబుక్కున కాలు తీశాడు. తాడు జారి నీళ్ళలో పడింది. నేను దాన్ని తడిగానే చుట్ట చుట్టి లోపల పడేశాను. పడవ గట్టునుంచి విడిపోయింది.